పీల్చిన ఊపిరి దగ్గర కోయకు

మొన్న పొద్దున రైలు విజయనగరం దాటి చీపురుపల్లి వైపు పోతోంది. నా ఎదుటి సీటులో ఒక పెద్దమనిషి వేరుశనక్కాయలు వొలుచుకుంటూ ఫోనులో ఏదో చూస్తున్నాడు. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. పెట్టె పెట్టెంతా వినాల్సిందే. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ముందు పియానో వినబడింది, తర్వాత ఒక ఆడమనిషి గొంతు. "ఆ బాబు మాకు దేవుడమ్మా" అంది ఆ గొంతు. ఆ మాట చివర, పియానో మళ్ళీ పైకి లేచేలోపు, చిన్న ఊపిరి వినబడింది. లోపలికి పీల్చిన ఊపిరి. చిటికె వేసేంత సేపు కూడా ఉండదు. ఆ పెట్టెలో ఇంకెవరికీ అది తెలిసి ఉండదు. నాకు తెలిసింది, ఎందుకంటే ఆ మాటని అక్కడ కోసింది నేనే. ఆ ఊపిరిని కూడా తీసెయ్యాలని ఒక పూటంతా తంటాలు పడి, చేతకాక వదిలేసింది నేనే.

పెద్దమనిషి తువ్వాలు కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఏటి మనిసండీ బాబూ! ఇలాటోల్లు మల్లీ పుట్టరు. ఈ డాక్యుమెంటరీ మీరు సూసారా అమ్మా?" అని అడిగాడు. చూశానన్నాను. "ఆ ఇడ్లీలమ్మ ఎంత బాగా సెప్పినాదో సూడండి. నిజం కాబట్టి అలాగొస్తాది మాట" అన్నాడు, నా చేతిలో నాలుగు కాయలు పోస్తూ. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, పాపం. చూసిందాన్ని నమ్మడం తప్ప ఆయన చేసిన నేరం ఏముంది? నమ్మించిన దాన్ని నేను, ఆయన వేరుశనక్కాయలు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వెళ్తున్నది కూడా ఎక్కడికని? నాకు ఈ పని నేర్పిన మనిషి పోయి ఏడాదయిందని జరిగే జ్ఞాపకార్థ కూడికకి.

ఆవిడ పేరు మేరీ రత్నం. మేమంతా రత్నమక్క అనేవాళ్ళం. చీపురుపల్లి స్టేషను రోడ్డులో, ఒక మేడ మెట్ల కింద, రేకులు దింపిన గదిలో ఆవిడ వీడియో షాపు. పెళ్ళిళ్ళు తీసేది, మిక్సింగ్ చేసేది. సన్నటి మనిషి, నేత చీర, మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసిన తండ్రి వదిలి వెళ్ళిన మగవాళ్ళ వాచీ. భుజం మీద కెమెరా పెట్టుకుని పెళ్ళి పందిట్లోకి నడిచి వస్తుంటే ఆ రోజుల్లో జనం పెళ్ళికూతుర్ని వదిలేసి ఆవిణ్ణి చూసేవాళ్ళు. ఒక పెళ్ళిలో పురోహితుడు "ఆడమనిషి, పైగా మీ మతం వేరు, పీటలకి అంత దగ్గిరగా ఏమిటమ్మా" అన్నాడు. "నీ మంత్రం నువ్వు సదువుకో పంతులూ, నా పని నాను సేసుకుంతాను. ఇద్దరికీ డబ్బులిచ్చింది ఆ ఇంటాయనే" అంది రత్నమక్క, కన్ను కెమెరా నుంచి తియ్యకుండా. తర్వాత ఆ పురోహితుడే తన కూతురి పెళ్ళికి ఈవిణ్ణే పిలిచాడు.

నేను ఆవిడ షాపుకి మొదటిసారి వెళ్ళింది తగువు పెట్టుకోవడానికి. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఇంటర్ తప్పి ఇంట్లో అందరి చేతా చీవాట్లు తింటూ ఉన్నాను. మా అక్క పెళ్ళి క్యాసెట్ వచ్చింది. మా ఇంట్లో అందరూ కూర్చుని చూశాం. అప్పగింతలు వచ్చేసరికి పాట లేదు. ఊళ్ళో ఏ పెళ్ళి క్యాసెట్ చూసినా అప్పగింతల మీద ఏదో ఒక ఏడుపు పాట ఉండాలి కదా. ఇందులో ఉత్త ఏడుపే ఉంది, ముక్కు చీదడాలతో సహా. మా నాన్న, "పాటెయ్యమని సెప్పి మల్లీ సేయించుకు రా" అని నన్ను తోలాడు. నేను వెళ్ళి ఎంత దురుసుగా అడగాలో అంత దురుసుగా అడిగాను. రత్నమక్క నా తల మీద హెడ్‌ఫోన్లు పెట్టి ఆ ముక్క వేసింది. ఏడుపుల మధ్యలో మా అమ్మ గొంతు, అక్క చెవిలో చెబుతోంది: "ఎండు సేపలు సంచి అడుగున పెట్టానే. మీ అత్తోరు తినరంట. నువ్వు పెరట్లో కాల్సుకుని తినీ."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రత్నమక్క హెడ్‌ఫోన్లు తీసుకుని, "ఈ మాట మీద పాటెయ్యమంతావేటి?" అని అడిగింది. వద్దన్నాను. "మరి మీ నాన్నకేటి సెప్తావు?" నాకు తెలీదన్నాను. "తెలీనేదంటే కూకో. సూసి తెలుసుకుందువు" అంది. అలా కూర్చున్న దాన్ని ఆరేళ్ళు లేవలేదు. నా పేరు పైడితల్లి. ఆవిడ నన్ను పిల్లా అన్నట్టు గుంటా అనేది, కోపం వస్తే పైడీ అనేది. కోపం తరచుగానే వచ్చేది.

ఆవిడ ఈ కోత, అదే ఎడిటింగు, నేర్చుకున్నది సినిమాల్లో కాదు, మిషను గుడిలో. ఆదివారం ప్రార్థన అయ్యాక సాక్ష్యాలు చెబుతారు. కూలి పనికి పోయే మనిషి లేచి, దేవుడు తనకేం చేశాడో, తాను దేవుడికేం ద్రోహం చేశాడో చెప్పుకుంటాడు. ఎంతసేపు తడబడినా, ఏడ్చినా, మధ్యలో మాట మరిచిపోయినా ఎవరూ అందించరు, ఎవరూ ఆపరు. పాస్టరు గారు కూడా వాచీ చూసుకోరు. నేను పైడితల్లమ్మకి మొక్కే ఇంటి పిల్లని. అయినా ఆవిడతో పాటు ఆ గుడికి మైకు పట్టుకుని వెళ్ళేదాన్ని, రికార్డు చెయ్యడానికి. ఒకసారి చేపల బుట్ట మోసే ముసలామె సాక్ష్యం చెబుతుంటే, అయిపోయిందనుకుని నేను రికార్డింగ్ ఆపేశాను. ఆమె ఊపిరి పీల్చుకుని అసలు మాట అప్పుడు చెప్పింది. తన కొడుకుని తానే పోలీసులకి పట్టించానని. బయటికొచ్చాక రత్నమక్క నా చెవి మెలిపెట్టింది.

"ఊపిరి ఒదిల్తే మాట అయిపోయినట్టు. పీల్సుకుంతే ఇంకా ఉన్నట్టు. పీల్సిన ఊపిరి కాడ కొయ్యకు పైడీ. అది మాట కొయ్యడం కాదు, పీక కొయ్యడం" అంది. ఇంకొకటి కూడా ఆ గుడి నుంచే తెచ్చుకుంది. సాక్ష్యం చెప్పేవాడి ఇరుగూ పొరుగూ అక్కడే బల్లల మీద కూర్చుని ఉంటారు కాబట్టి అబద్ధం చెబితే దొరికిపోతాడు. అందుకని తను తీసిందేదైనా ముందు ఆ మనుషుల వాకిట్లోనే దుప్పటి కట్టి, ఇరుగు పొరుగుల మధ్య చూపించేది. వాళ్ళు తియ్యమన్నది తీసేసేది. నేనిప్పటికి చాలామంది పెద్ద పెద్ద వాళ్ళ దగ్గర పనిచేశాను. ఇంతకు మించిన పాఠం ఎవరూ చెప్పలేదు. చెప్పినా వింటానని కాదు.

ఆవిడ పెళ్ళిళ్ళతో బతికేది కానీ ఆవిడ పిచ్చి వేరే. జాతరల్లో రికార్డింగ్ డాన్సులు తీయడానికి పిలిచేవాళ్ళు. కమిటీ కుర్రకారు స్టేజీ ముందు నిలబడి "అక్కా, కింద నుంచి తియ్యి" అని అరిచేవాళ్ళు. ఆవిడ కెమెరా ఎత్తుకుని స్టేజీ వెనక్కి వెళ్ళిపోయేది. అక్కడ గోనె పట్టాల చాటున ఆడపిల్లలు ఒకరి జడ ఒకరు అల్లుకోవడం, చంటిపిల్లకి పాలిచ్చి మళ్ళీ గజ్జెలు కట్టుకోవడం, పులిహోర పొట్లం ముగ్గురు పంచుకోవడం తీసేది. ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు. ఏళ్ళ తరబడి తీసింది. "ఎందుకక్కా" అంటే, "ఈల్ల ఆట అందరూ సూసినారు, ఈల్లని ఎవుడు సూసినాడే?" అనేది. సినిమావాళ్ళ గురించీ ఆటపాటల వాళ్ళ గురించీ డాక్యుమెంటరీ అంటే నాకు ఇప్పటికీ అదే. పొగడ్త అవసరం లేదు, బురద చల్లడం అవసరం లేదు. ఆట అయ్యాక మనిషి ఎలా కూర్చుంటుందో ఓపిగ్గా చూడటం చాలు.

అలా తీసిన వాళ్ళలో నాగమణి ఒకతె. తర్వాత మేము వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆమె డాన్సులు మానేసి కోటబొమ్మాళి సంతలో ఇడ్లీ బండి పెట్టుకుంది. రత్నమక్క రెండు రోజులు ఆమె చేతుల్నే తీసింది. రుబ్బడం, ఆవిరి పట్టడం, ఆకులో పెట్టి ఇవ్వడం. ఒక్క ప్రశ్న అడగలేదు. "మనిసి పనిలో ఉన్నప్పుడు మాట దానంతటదే వస్తాది" అనేది. మూడో రోజు బండి కడుగుతూ నాగమణి తనే మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు మాట్లాడింది. కళింగపట్నం ఒడ్డున ఒక పెద్ద హీరో పాట తీశారట. వెనక వరసలో ఆడటానికి వీళ్ళ ట్రూపు నుంచి ఆరుగురిని తెచ్చారు. ఆ రోజు సముద్రం బాగాలేదు, పడవల వాళ్ళు వద్దన్నారు. హీరో గారికి వేరే షూటింగుకి వెళ్ళే టైమయిపోతోంది, వెనక పెద్ద కెరటం లేస్తేనే షాటు బాగుంటుందని ఈ పిల్లల్ని ఇంకా లోపలికి నిలబెట్టారు. చివర నిలబడ్డ లక్ష్మిని కెరటం తీసుకుపోయింది. మిగతా పాట మర్నాడు ఐదుగురితో తీశారు.

"ఆ బాబు మాకు దేవుడమ్మా" అని ఊపిరి పీల్చుకుంది నాగమణి. "అనుకున్నాం, లచ్చిమి పోయినదాకా. కెరటం లాక్కుపోతంతే మేం ఏడుత్తూ ఆ బాబు కారు కాడికి పరిగెట్నాం. దిగనేదు. అద్దం కూడా దింపనేదు. మా లచ్చిమి పేరు ఎక్కడా ఎయ్యనేదు. ఆ పాట పెల్లిల్లలో ఏత్తారు కదా, సూడండి. ఒక కాడ మేం ఆరుగురం ఉంతాం. మరో కాడ ఐదుగురమే." అని, గిన్నె బోర్లించి, ఊపిరి వదిలింది. రత్నమక్క అప్పుడు కెమెరా ఆపింది. లక్ష్మి తల్లి అప్పలమ్మ కళింగపట్నంలో చేపలు ఎండబెట్టుకుని బతుకుతోందని, నెలకోసారి తాను వెళ్ళి ఆమె దగ్గర ఒక పూట ఉండి, తలకి నూనె రాసి వస్తానని నాగమణి తర్వాత చెప్పింది. "నన్ను సూత్తే లచ్చిమి వచ్చినట్టుంతాదంట ఆమెకి" అంది.

తర్వాత నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. వెళ్ళేముందు షాపులో ఉన్న క్యాసెట్లన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి ఒకటి రత్నమక్కకి ఇచ్చి, ఒకటి నేను ఉంచుకున్నాను. ఒక తుపానుకి ఆవిడ షాపు రేకులు లేచిపోయి క్యాసెట్లూ, ఆ డిస్కూ అన్నీ నీళ్ళపాలయ్యాయి. నా దగ్గరున్నదే మిగిలింది. హైదరాబాదులో చాలా ఏళ్ళు ఎవరెవరి కిందో అసిస్టెంటుగా పనిచేశాక, ఒక కంపెనీ ఆ హీరో మీదే నాలుగు భాగాల డాక్యుమెంటరీ మొదలుపెట్టి, మొదటిసారి నన్ను ఎడిటరుగా పెట్టుకుంది. నేనే ఎగిరి గంతేసి, నా దగ్గర కళింగపట్నం షూటింగు గురించి ఒకామె చెప్పిన ముక్క ఉందని వాగాను. అక్కని ఫోనులో అడిగితే, "నన్నడిగితే ఏటే, నాగమణినడుగు" అంది. నాగమణిని అడిగాను. ఆమె ఒకటే అడిగింది: "లచ్చిమి పేరు సెప్తారా?" చెబుతామన్నాను. ఆ మాట ఇచ్చింది కంపెనీ కాదు, నేను.

ఈ రకం డాక్యుమెంటరీలు ఎందుకంత బాగా ఆడతాయో నాకు బాగా తెలుసు. తెర వెనక ఏముందో చూడాలని మనకి చచ్చేంత ఆశ. మేకప్ గది అద్దం, మాసిన ఉత్తరం, పాత డ్రైవరు కన్నీళ్ళు చూపిస్తే చాలు, మనల్ని లోపలికి రానిచ్చారని మురిసిపోతాం. మేము ఏం చేస్తామంటే ముఖానికి ఒక పక్కే వెలుగు పెడతాం. ప్రశ్న అడిగిన మా గొంతు తీసేసి, జవాబు దానంతటదే పుట్టినట్టు చేస్తాం. ఫోటో మీదికి మెల్లగా జరుగుతాం. చివర ఒక చిన్న తప్పు కూడా ఒప్పుకోనిస్తాం, బాగా తాగేవాడనో, పిల్లలకి టైమివ్వలేదనో. చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్దది ఎవరూ అడగరు. సినిమా అబద్ధమని తెలిసే టిక్కెట్టు కొంటాం. దీన్ని నిజమనుకుని చూస్తాం. అందుకే ఇందులో చెప్పిన అబద్ధం మరీ పాపం. ఆ డాక్యుమెంటరీకి డబ్బు పెట్టిందీ, ఆఖరి మాట చెప్పేదీ ఆ హీరో కుటుంబమే అని నాకు మొదటి రోజే తెలుసు. తెలిసే కూర్చున్నాను.

నాగమణి ముక్క చూసి కంపెనీ పెద్దాయన బల్ల మీద చరిచాడు. "బంగారం! ఆ ముఖం, ఆ బండి, ఆ యాస! 'దేవుడమ్మా' దగ్గర ఆపెయ్యి." తర్వాతి మాట మాటేమిటని అడిగాను. "తర్వాతిది ఎవరు ఒప్పుకుంటారు? నీకు ఎడిటరు పేరు కావాలా, అక్కర్లేదా?" అన్నాడు. నేను లేచి వచ్చేయాల్సింది. నీళ్ళు నమిలాను. నమిలి, మింగి, కోశాను. ఆ ఊపిరి "మ్మా" అన్న అక్షరానికి అతుక్కుని ఉంది. దాన్ని తీస్తే మాట తెగినట్టు తెలిసిపోతోంది. గొంతు తగ్గించాను, పియానో ముందుకి జరిపాను. ఇంకా ఉంది. ఎలుక పిల్లలా అక్కడే ఉంది. ఎవడికి వినబడుతుందిలే అని వదిలేశాను. నాగమణికి ముందుగా చూపించలేదు. వాకిట్లో దుప్పటి కట్టే తీరిక ఇక్కడ ఎవరికుంది అని నాకు నేను చెప్పుకున్నాను.

ఒకరికి వినబడింది. డాక్యుమెంటరీ వచ్చిన వారం నేను చీపురుపల్లి వెళ్ళాను. తెర మీద నా పేరు చూసి అక్క సంతోషిస్తుందని నాలో ఒక మూల ఆశ. సిగ్గులేని ఆశ. ఆవిడకి అప్పటికే ఒక కంట పొర వచ్చింది. కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మూడో భాగం దాకా విన్నది. నాగమణి గొంతు వచ్చింది, పోయింది. అక్క కళ్ళు తెరవలేదు. "పీల్సినాది" అంది. "ఊపిరి పీల్సినాది గుంటా. తరవాత మాటేదే?" అని అడిగింది. కుటుంబం అనుమతి అనీ, లాయర్లనీ, కాంట్రాక్టనీ ఏదో చెప్పాను. అన్నీ విని, "ఇది పెల్లి కేసెట్టే. డబ్బులిచ్చినోడు అందంగా అగుపడాల. తప్పునేదు, నాను బతికినాను దాంతోనే. దానికి డాక్యుమెంటరీ అని పేరెట్టుకున్నారు సూడు, అదీ నాకు మంట" అంది. అంతే. చెవి మెలిపెట్టలేదు. పైడీ అని కూడా అనలేదు.

మర్నాడు నేను లేచేసరికి ఆవిడ ఇంట్లో లేదు. ఆ వయసులో, ఆ కళ్ళతో, రెండు బస్సులు మారి కోటబొమ్మాళి వెళ్ళింది, నా బదులు క్షమాపణ అడగడానికి. దీనికి నేనావిణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళాల్సింది. సాయంత్రం వచ్చి అలసటగా కూర్చుని చెప్పింది. "నాగమణి తిట్టనేదే. కూకోబెట్టి ఇడ్లీ పెట్టినాది. అప్పలమ్మ మాత్రం దానికి తలుపు తియ్యనేదంట. ఎవుడో ఫోనులో సూపించినాడంట. నా పిల్లని సంపినోడు నీకు దేవుడా అని, మరి నా గుమ్మం తొక్కొద్దని సెప్పీసినాదంట." తర్వాత నా వైపు తిరిగి, "మొత్తం ముక్క నీకాడున్నాది కదా. పంపు. నాను పట్టుకెల్లి ఆ ముసల్దానికి ఇనిపిస్తాను" అంది. పంపుతానన్నాను. ఆ ఫుటేజీ ఇప్పుడు కంపెనీ సొత్తని, బయట ఎవరికి చూపించినా కోర్టుకి లాగుతామని నేను సంతకం పెట్టిన కాగితంలో ఉంది. ఆ మాట అక్కకి చెప్పలేదు. ఆవిడ ఫోనులో రెండోసారి అడిగింది. పంపుతానన్నాను. మూడోసారి అడిగింది. ఈ వారం తప్పకుండా అన్నాను. నాలుగోసారి ఫోను చేసినప్పుడు ఆ ఊసే ఎత్తలేదు. తిన్నావా అని అడిగి పెట్టేసింది. తర్వాత రెండు నెలలకి పోయింది.

అందుకే మొన్న చీపురుపల్లిలో రైలు దిగేటప్పుడు నా సంచిలో ఆ హార్డ్‌డిస్కు ఉంది. ఏడాదిగా ప్రతి ప్రయాణంలో ఉంటోంది. మోయడం తప్ప దాంతో చేసిందేమీ లేదు. గుడిలో బల్లలన్నీ నిండాయి. ఆవిడ పెళ్ళిళ్ళు తీసిన ఇళ్ళవాళ్ళు మతంతో పని లేకుండా వచ్చారు. ఆ పురోహితుడు కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. పాస్టరు గారు నా పేరు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను. "నాకు పని నేర్పింది రత్నమక్కే. అంతా ఆవిడ చలవే" అన్నాను. ఊపిరి పీల్చుకున్నాను. అందరూ ఎదురు చూశారు. అక్కడ ఎవరూ అందించరు, ఎవరూ ఆపరు. నేను కూర్చున్నాను. నా మాటని నేనే ఆ ఊపిరి దగ్గర కోసుకున్నాను. పక్కనున్న ఆమె "ఏడవకమ్మా" అని నా వీపు నిమిరింది. ఏడుపు కాదది, అరికాలి మంట నెత్తికెక్కడం. భోజనాలకి ఉండకుండా బయటికొచ్చి నాగమణికి ఫోను చేశాను. కళింగపట్నం వెళ్తున్నానని, తోడు రమ్మని అడిగాను. "నానెందుకమ్మా? నా మాట నాను సెప్పీసినాను. నువ్వు కోసింది నువ్వు అతికించుకో" అని పెట్టేసింది.

శ్రీకాకుళంలో బస్సు మారి వెళ్ళేసరికి మూడు దాటింది. అప్పలమ్మ ఇల్లు అడిగితే ఒడ్డు దగ్గర చూపించారు. ఇసకలో పరిచిన వలల మీద చేపలు ఎండుతున్నాయి. ఆమె తాటాకు పందిరి కింద కూర్చుని కాకుల్ని తోలుతోంది. నాగమణి మాట మొత్తం తెచ్చానని చెబితే, "ఇన్నాను కదా ఒకపాలి" అని ముఖం తిప్పుకుంది. సగమే విన్నావని చెప్పాను. ఆ సగం కోసింది నేనేనని కూడా చెప్పాను. ఆమె ఇంకో కాకిని తోలింది. నన్ను మాత్రం పొమ్మనలేదు. బోర్లించిన బుట్ట మీద లాప్‌టాప్ పెట్టి, ఎండ పడకుండా నా చున్నీ కప్పాను. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. "దేవుడమ్మా" అన్నచోట ఒకామె ఛీ అంది. తర్వాత ఊపిరి వినబడింది. తర్వాత మిగతాదంతా వినబడింది, గిన్నె బోర్లించిన చప్పుడు దాకా.

అప్పలమ్మ ఏడవలేదు. "కారు అద్దం కూడా దింపనేదంట" అని పక్కామెకి చెప్పింది, ఆమె వినలేదేమోనన్నట్టు. కాసేపటికి, "నాగమణికి కలుపు ఫోను" అంది నాతో. కలిపి ఇచ్చాను. "ఒసే" అంది అప్పలమ్మ. తల నిమురుకుంది. "నూనె అయిపోనాది. వచ్చినప్పుడు తే" అంది. ఫోను నాకిచ్చేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, చేపలు తిరగెయ్యడానికి లేచింది.

ఆ చేపల మధ్య వంగి ఉన్న ఆమెని చూస్తూ నాకు గుండె తేలికయింది. అబద్ధం చెప్పను, గర్వంగా కూడా అనిపించింది. కంపెనీవాడు కేసు పెడితే పెట్టుకోనీ అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదానికి ఎంత పొగరో! చున్నీ దులుపుకుని, డిస్కు తీసి సంచిలో పెట్టుకుంటుంటే అప్పలమ్మ నడుం ఎత్తి దాని వైపు చూసింది.

"ఇది నీకాడే ఉన్నాదా? ఇన్నాల్లూ?"

అవునన్నాను. ఎందుకు తేలేదో చెబుదామని ఊపిరి పీల్చుకున్నాను. కంపెనీ, కాగితం, లాయర్లు, ఎడిటరు పేరు అన్నీ నాలిక చివర ఉన్నాయి. రత్నమక్క కెమెరా వెనక నిలబడి ఎదురు చూసినట్టే అప్పలమ్మ కూడా చేపలు వదిలేసి, నన్నే చూస్తూ, ఎంతసేపైనా వింటానన్నట్టు నిలబడింది.